ఆకాశం వైపు రేకులు

ఆరుద్ర కార్తెలో ఒక రాత్రి ఉరుములతో వాన పడిందంటే, మా ఊళ్లో తెల్లారకముందే గంపలు పట్టుకుని పుట్టల వైపు బయల్దేరతారు. ఈసారి మేనత్త వెనకాల నేనూ వెళ్లాను. పుట్టల దాకా పోకముందే బావి గట్టు దగ్గర ఆగిపోయాను.

డీజిల్ ఇంజన్ పక్కన, గడ్డిలో అరచేయంత తెల్లని గొడుగు. దాని నెత్తిన ఇంకో చిన్న గొడుగు, తలకిందులుగా. కిందికి ఉండాల్సిన రేకులు ఆకాశం వైపు విచ్చుకుని, కోడిపుంజు జుట్టులా ముడతలు పడి ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా వానాకాలమంతా పుట్టగొడుగుల వెంట తిరుగుతున్నాను. అలాంటిది ఎన్నడూ కంటపడలేదు.

"అత్తా, ఇదేం రకం?" అన్నాను.

ఆమె గొడుగు వంక చూడనే లేదు. కాడ పక్కన రెండు వేళ్లు దించి మన్ను తోడింది. "దీని కాలు ఈడ్నే అయిపోయింది బిడ్డా. పుట్టది గాదు. కుక్కగొడుగు. గంపల ఎయ్యకు."

పుట్ట దగ్గర మొలిచే తినే గొడుగు కాలు అక్కడితో ఆగదు. చెదలు గూటి లోపల శిలీంధ్రాన్ని పంటలా పెంచుకుంటాయి. ఆ తోట నుంచి నేల మీదికి రావడానికి కాడ జానల కొద్దీ సాగుతుంది, లోపలికి పోయేకొద్దీ తోకలా సన్నబడుతుంది. గొడుగు నడిమధ్యన మొనదేలిన బొడిపె మన్నును చీల్చి దారి చేస్తుంది. ఈ ప్రజాతికి టెర్మిటోమైసిస్ అని 1942లో పేరుపెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్. దక్షిణ భారతంలో దొరికిన ఒక జాతికి 1979లో నటరాజన్ ఆయన పేరే పెట్టారు, టెర్మిటోమైసిస్ హైమీ అని. ఆ కాడ గుర్తును అత్త వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది.

నేను మాత్రం అంతసేపూ ఆ నెత్తి మీది వింతనే చూస్తూ ఉండిపోయాను. అది జాతి లక్షణం కాదు, దెబ్బ తిన్న గుర్తు. బటన్ పుట్టగొడుగులు పెంచే రైతులకు ఇది తెలుసు. షెడ్డులోకి డీజిల్ పొగో కిరోసిన్ ఆవిరో చేరితే గొడుగు పైభాగాన రేకులు మొలుస్తాయి. రోజ్‌కోంబ్ అంటారు. గాలి ఆడక కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇంకో తీరు: కాడలు బారుగా సాగి, గొడుగులు గుండీలంత అయిపోతాయి. బావి గట్టున ఇంజన్ కింద మన్ను నల్లగా నూనె తాగి ఉంది. దానివల్లేనని ఒట్టు వేయను గానీ, నా అనుమానం దాని మీదే.

దాన్ని పక్కనపెట్టి, దాని తోబుట్టువుల కోసం వెతికాను. రూపం చెడిన దానికి పేరు పెట్టాలంటే చెడనివాటిని అడగాల్సిందే. నాలుగడుగుల దూరంలో రెండు దొరికాయి. తెల్లని గొడుగు, నడుమ గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం. ఆ ఉంగరాన్ని వేళ్లతో పట్టి జరిపితే పైకీ కిందికీ కదిలింది. రేకులు ఇంకా తెల్లగానే ఉన్నాయి. ఇక్కడే మనుషులు మోసపోతారు.

ఇంటికి తెచ్చి, ఒకదాని కాడ కోసి, రేకులు కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద బోర్లించాను. నెత్తిన మొలిచిన ఆ చిన్నదాన్ని కూడా జాగ్రత్తగా కోసి పక్కనే పెట్టాను. రెంటి మీదా గిన్నెలు మూశాను. గాలి తగిలితే సిద్ధబీజాలు చెదిరిపోతాయి.

పొద్దున గిన్నెలు తీస్తే పెద్దదాని కింద రేకు రేకునా గీతలు దిగి ఉన్నాయి, నాచు ఎండినప్పటి ఆకుపచ్చ రంగులో. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. తింటే గంటల్లోనే వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. వండినా దాని విషం పోతుందని నమ్మడానికి లేదు. చిన్నదాని కింద గీతలు లేవు, అదే రంగు మరక ఒకటి వంకరగా పడింది.

కాగితం అత్తకు చూపించాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చాలాసేపు చూసింది. "పచ్చగ రాలిందా," అని, ఆరిన అంచును చూపుడువేలితో తాకి, ఆ వేలును కొంగుకు తుడుచుకుని, చేతులు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి నడిచింది.