ఎవ్వరును పాడుకొనని స్వరములు

కచేరి ముగిసి ఇంటిదారి పట్టిన శ్రోత పెదవులపై నిలిచియుండునది పాట యొక్క పై వరుస; అతని వ్రేళ్లు తనకు తెలియకయే తొడపై వేయుచుండునది తాళము; ఈ రెంటి నడుమ పియానో వాయించినవాని చేతులలో జరిగిన వ్యాపారమును మాత్రము ఎవ్వరును జ్ఞాపకముంచుకొనరు, పాడుకొనరు. అయినను ఐరోపా శాస్త్రీయసంగీతమును, అమెరికాలోని నల్లజాతివారి నడుమ పుట్టి పెరిగిన జాజ్ సంగీతమును ఒక్క పియానోపై సమన్వయించి పాటను కూర్చు విద్యలో, ఆ రెండు ప్రవాహములును నిజముగా కలిసికొన్న చోటు ఆ మరపుపాలైన మధ్యస్వరములే యని నా అభిప్రాయము. ఇచ్చట బాఖ్ పోకడ వచ్చినది, అచ్చట జాజ్ ఊపు వచ్చినది అని పైపై పోలికలు లెక్కించుకొని సంతసించువారు సంగమమును చూడక రేవులను మాత్రము చూచి మరలినవారు.

ఈ సంగతిని మాటలతో చెప్పుటకంటె మెట్లపై చూపుట సులభము. మన ధీరశంకరాభరణ స్వరములు, మెట్ల లెక్కకైనను, పాశ్చాత్యుల మేజర్ స్కేలుతో సరిపోవునుగదా. జాజ్ పాటలలో అడుగడుగునను ఎదురగు నడక యొకటి కలదు: మొదట రిషభముపై కట్టిన కార్డు, అనగా ఒక్కమారుగా మ్రోగు స్వరముల కూటమి; తరువాత పంచమముపై కట్టినది, కడపట షడ్జముపై కట్టినది. క్రొత్తగా నేర్చువాడు దీనిని రి-మ-ధ-స, ప-ని-రి-మ, స-గ-ప-ని అని పాఠము ఒప్పచెప్పినట్లు వాయించును. చేయి ఒకచోటనుండి మరియొకచోటికి కప్పవలె గంతులు వేయును. స్వరములన్నియు సరియైనవే, సంగీతము మాత్రము శూన్యము. అనుభవజ్ఞుడు ఆధారస్వరమును మంద్రస్థాయికి విడిచిపెట్టి, మధ్యస్థాయిలో మ-ధ-స-గ అను నాలుగింటిని పట్టును. రెండవ కార్డు రాగా అతని చేయి కదలినదా లేదా అనిపించును. ఏలయన మ-ధ-ని-గ అగుటకు షడ్జము ఒక్కటి నిషాదమునకు దిగిన చాలును, తక్కిన మూడు వ్రేళ్లును ఉన్నచోటనే ఉండును. మూడవ కార్డునకు గ-ప-ని-రి: మధ్యమము గాంధారమునకు, ధైవతము పంచమమునకు, గాంధారము రిషభమునకు జారును; ఈమారు నిషాదము కదలక కాచియుండును. ఏ స్వరమును తన పొరుగింటిని మించి పోలేదు. ఇంట చేతి హార్మోనియమున్నవారు దీనిని కుడిచేతితోనే పరీక్షింపవచ్చును. ఎడమచేయి తిత్తికే అంకితము గనుక మంద్రస్వరమునకు ఎవ్వరినైన తోడు పిలుచుకొనవలసి యుండును.

ఒక్కొక్క స్వరమును ఒక్కొక్క గాయకుని గొంతుగా భావించి, ప్రతి గొంతును అతిసమీపమార్గమున నడిపించుట, ఉమ్మడి స్వరమును కదలింపకుండుట అనునది బాఖ్ చర్చి గీతములనుండి తరతరముల ఐరోపా విద్యార్థులు అభ్యసించిన వ్యాకరణము. జాజ్ పియానో ఆ వ్యాకరణమునే తన మాటలకు అన్వయించుకొన్నది. మాటలు వేరు, విభక్తులు అవియే.

పియానో రచయితయైన షోపెన్ 1839లో ప్రకటించిన ప్రెల్యూడులను చిరురచనలలో ఇ మైనరునందలి నాలుగవది ఈ మార్గమునకు మూలగ్రంథమువంటిది. పై వరుసలో గానము దాదాపు నిలిచిపోయి, పొరుగు స్వరమును తాకి మరల తన చోటికే వచ్చుచుండును. ఎడమచేతి కార్డులలో మాత్రము ఒకమారు ఒకటి, ఒకమారు రెండు స్వరములు అరమెట్టు చొప్పున క్రిందికి జారుచు, వినువాని గుండె క్రింది నేలను మెల్లమెల్లగా కోసివేయును. 1849లో పారిస్‌లోని మదలెన్ చర్చిలో షోపెన్ అంత్యక్రియలనాడు దీనినే ఆర్గనుపై వాయించిరి. నూరేండ్లు దాటిన పిమ్మట జెరీ మలిగన్ 1963లో దీనిని జాజ్ బృందముతో వాయించెను. బ్రెజిల్ దేశీయుడు జోబిమ్ కూర్చిన ‘ఇన్సెన్సాటెజ్’ విన్నవారికిని ఈ బంధుత్వము దాగదు.

అయితే షోపెన్ వారసత్వమును నోటితో చెప్పక చేతితో చూపినవాడు జాజ్ పియానో వాదకుడు బిల్ ఎవన్స్. న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డులో 1929లో జన్మించిన ఈతడు 1958 డిసెంబరులో, బెర్న్‌స్టైన్ పాట యొక్కదానికి ఉపోద్ఘాతముగా ఎడమచేతితో రెండు కార్డుల ఊగిసలాట మొదలుపెట్టి, ఆ ఊయెల విడువలేక, పాటనే విడిచిపెట్టెను. అట్లు పుట్టినది ‘పీస్ పీస్’. షోపెన్ 1844లో వ్రాసిన జోలపాటయందును ఎడమచేయి ఇట్లే ఒకే తూగును దాదాపు కడవరకు ఊపుచుండగా, కుడిచేయి సంగతిపై సంగతి అల్లుచుండును. ఎవన్స్ మొదట పసివానికైన తెలియునంత సరళమైన పలుకులతో ఆరంభించి, క్రమక్రమముగా ఆ తూగునకు పొసగని స్వరములను తారస్థాయిలో పక్షుల కలకలమువలె విడిచి, తుదకు మరల సరళతకు దిగివచ్చును. క్రింద నేల కదలదు గనుకనే పైన అంత స్వేచ్ఛ చెల్లినది. తంబూర శ్రుతిలో పెరిగిన మన చెవికి ఇది వింతకాదు. మరుసటి ఏడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అను ఆల్బములోని ‘ఫ్లమెన్కో స్కెచెస్’ అను రచన ఈ ఊయెలతోనే ప్రారంభమయ్యెను.

ఎడమచేతికి మరియొక చరిత్ర కలదు. అది మెత్తనిది కాదు. న్యూయార్కులోని హార్లెమ్‌లో 1920 ప్రాంతములందు అద్దె కట్టలేని కుటుంబములు తమ గదులలోనే విందులు చేసి, వచ్చినవారివద్ద ప్రవేశరుసుము పుచ్చుకొని, ఆ సొమ్ముతో ఇల్లు నిలుపుకొనెడివి. ఆ ఇరుకు గదులలో ఒక్క పియానోయే బృందమంతయు కావలసివచ్చెను. గిలకపై చేద నూతి అడుగునకు పోయి పైకి వచ్చినట్లు, ఎడమచేయి ఒకటవ మూడవ మాత్రలలో మంద్రస్వరమును తాకి, రెండవ నాలుగవ మాత్రలలో మధ్యస్థాయి కార్డునకు లేచును. దీనినే స్ట్రైడ్ అందురు. ఈ బాణీకి పెద్దయైన జేమ్స్ పి. జాన్సన్ ‘కరొలైనా షౌట్’ను డ్యూక్ ఎలింగ్టన్ నేర్చిన తీరు చిత్రమైనది: రంధ్రములు పొడిచిన కాగితపు చుట్టతో తనంతట తాను మ్రోగు పియానోను మెల్లగా నడిపించి, దిగిన మెట్లలో తన వ్రేళ్లు పెట్టి నేర్చెనట! ఎదుట గురువు లేడు, గురువు వ్రేళ్ల జాడ మాత్రమున్నది.

ఆ చేద నడకను మనుష్యసాధ్యమా అనిపించునంత వేగమునకు కొనిపోయినవాడు ఒహైయో రాష్ట్రపు టొలీడో నగరవాసి, చూపు దాదాపు లేని ఆర్ట్ టేటమ్. మస్నే ‘ఎలిజీ’ని, డ్వోర్‌షాక్ ‘హ్యూమరెస్క్’ను 1940లో రికార్డు చేసినప్పుడు అతడు మూలగానమును చెడగొట్టలేదు, అడుగునున్న కార్డులను మార్చి, అదే ముఖమునకు వేరొక వెలుతురు పట్టెను. అతని స్వరధారలనే మెచ్చుకొనువారు అనేకులు. నాకుమాత్రము ఆ ధారలు ఒక్కొక్కమారు నగలబరువువలె తోచును, కార్డు మార్పులే అచ్చమైన బంగారము.

పియానో క్రింద కాలితో నొక్కు పెడలు, అనగా స్వరములను సాగదీసి ఒకదానిలో ఒకటి కరగించు సాధనము, ఈ రెండు సంప్రదాయముల మధ్య నిజమైన వివాదస్థానము. 1924లో ‘రాప్సొడి ఇన్ బ్లూ’తో ఖ్యాతి కెక్కిన గెర్ష్విన్, తాను స్నేహితుల ఇండ్లలో తన పాటలను వాయించు తీరునే వ్రాసి, 18 పాటల సంపుటిగా 1932లో ప్రకటించెను, కూర్పు నేర్చువానికి అంతకు మించిన పాఠ్యపుస్తకము అరుదు. దాని పీఠికలో అతడు పెడలును అతిగా వాడరాదనియు, తమ అమెరికా దేశపు పాటలకు షోపెన్‌కు తగిన మెత్తదనముకాక తెగగొట్టినట్లుండు పలుకుబడి తగుననియు హెచ్చరించెను. ఎవన్స్ ఈ హెచ్చరికను పాటించియుండినచో ‘పీస్ పీస్’ లేదు! ఇందు ఎవరిది తప్పని నిర్ణయించుట నా తరముకాదు. పాట కోరినచోట కాలు ఎత్తుట, కోరినచోట దించుట చెవి చేయవలసిన తీర్పు.

ఈ సంగమమును బాహాటముగా తలపెట్టిన పియానో వాదకుడు జాక్ లూసియే 1959లో ‘ప్లే బాఖ్’ బృందమును స్థాపించి బాఖ్ రచనలకు బాసును, డ్రమ్ములను జతపరచెను. వినుటకు ఇంపే, గాని బాఖ్‌లో ముందే ఉన్న ఊపును గంట కొట్టి చాటినట్లుండును. ఇంతకంటె లోతునకు దిగినవాడు, యుక్రేనులోని హోర్లివ్కాలో 1937లో పుట్టి, మాస్కో కన్సర్వేటరీలో గోల్డెన్‌వైజరు శిష్యుడై, జాజ్ బృందములలో వాయించిన నికొలాయ్ కపూస్తిన్. మన పెద్దలు కల్పితసంగీతమనియు, మనోధర్మసంగీతమనియు రెండు పాయలు చేసిరిగదా. ఈతని రచనలు మనోధర్మమే యని శ్రోత ప్రమాణము చేయును, కాని తొట్రుపాటువలె తోచు విరామముతోకూడ సర్వమును కాగితముపై వ్రాసియున్నదే. 1984 నాటి ఎనిమిది ఎట్యూడులును, షోపెన్ వలెనే 24 శ్రుతులలో వ్రాసిన 1988 నాటి ప్రెల్యూడులును కష్టసాధ్యములు. కుడిచేతి వేగమునకు బెదరక, ఆ పుటలను మిక్కిలి విలంబముగా, నడిమి వ్రేళ్లు తాకు స్వరములను మాత్రమే వాయించి చూచినచో, షడ్జము నిషాదమునకు దిగుచుండగా తక్కినవి కదలక కాచియుండుట పలుచోట్ల వినబడును.