వచ్చి వెళ్ళేవారు, ఉండిపోయేవారు

పెద్ద నగరం విడిచి చిన్న పట్టణానికి వెళ్ళాలా, వద్దా అన్న ప్రశ్న మన ఉద్యోగి కుటుంబాలకు కొత్తది కాదు. బదిలీ ఉత్తర్వు చేతికందిన నాటి సాయంత్రం ఇంట్లో మొదలయ్యే చర్చ అందరికీ పరిచితమే. పిల్లల చదువు, పెద్దల వైద్యం, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులైతే రెండోవారి ఉద్యోగం సంగతి, ఇంటి అప్పు వాయిదాలు ఒక్కొక్కటిగా లెక్కకు వస్తాయి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ కారణంగా కార్యాలయాలు ఇళ్ళలోకి మారినప్పుడు, ఏ ఉత్తర్వూ లేకుండానే ఈ చర్చ మరెన్నో కుటుంబాల్లోకి ప్రవేశించింది. పై లెక్కల్లో ఏ ఒక్కటీ తేలికైనది కాదు. అయితే అందులో ఒక పద్దు సాధారణంగా కనిపించదు. మనం వెళ్ళబోయే ఊళ్ళో ముందునుంచీ ఉన్నవారికి మన రాకవల్ల ఏం జరుగుతుంది, మన నిష్క్రమణ తరువాత ఏం మిగులుతుంది అన్నదే ఆ పద్దు.

భారతీయ సాహిత్యం ఈ విషయాన్ని ఎలా చూసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకోసం మూడు భాషలకు చెందిన మూడు రచనలను తీసుకుంటున్నాను. బెంగాలీలో రవీంద్రనాథ్ ఠాగూర్ కథ ‘పోస్ట్‌మాస్టర్’ (1891), హిందీలో శ్రీలాల్ శుక్ల నవల ‘రాగ్ దర్బారీ’ (1968), ఇంగ్లీషులో ఉపమన్యు చటర్జీ నవల ‘ఇంగ్లీష్, ఆగస్ట్’ (1988). వీటిలోని ఊళ్ళు ఒకే పరిమాణం గలవి కావు. ఉలాపూర్ ఒక పల్లె. శివపాల్‌గంజ్ పల్లెకూ పట్టణానికీ నడిమి ఊరు. మద్నా ఒక జిల్లా కేంద్రం. అయినా మూడింటిలోనూ నగరంలో చదువుకున్న ఒక యువకుడు చిన్న ఊరికి వస్తాడు. ఉండాలా, వెళ్ళాలా అన్న ప్రశ్నతోనే కాలం గడుపుతాడు. రచయితలు ముగ్గురూ ఇలాంటి ఊళ్ళను దగ్గరగా చూసినవారే. ఠాగూర్ తమ కుటుంబ జమీందారీ వ్యవహారాలు చూడడానికి తూర్పు బెంగాల్‌లో నివసించారు. శ్రీలాల్ శుక్ల ఉత్తరప్రదేశ్ ప్రాంతీయ సివిల్ సర్వీసులో చేరి, తరువాత ఐ.ఏ.ఎస్.లోకి వచ్చారు. ఉపమన్యు చటర్జీ 1983లో ఐ.ఏ.ఎస్.లో చేరారు.

ఠాగూర్ కథ చిన్నది. నీలిమందు కర్మాగారం యజమాని ప్రయత్నంతో ఉలాపూర్‌లో తపాలా కార్యాలయం ఏర్పడుతుంది. అక్కడికి పోస్ట్‌మాస్టర్‌గా వచ్చిన కలకత్తా యువకునికి ఆ ఊరిలో మాట్లాడే మనిషి దొరకడు. రతన్ అనే అనాథ బాలిక అతని ఇంటి పనులు చేసిపెట్టి, అతను పెట్టింది తింటూ ఉంటుంది. పొద్దు గడవక అతడు ఆమెకు అక్షరాలు నేర్పుతాడు. వానాకాలంలో జ్వరపడితే ఆమె సేవ చేస్తుంది. కోలుకున్నాక, ఊరి వాతావరణం ఆరోగ్యానికి పడడం లేదని అతడు బదిలీకి దరఖాస్తు పెట్టుకుంటాడు. అది తిరస్కృతమవుతుంది. రాజీనామా ఇచ్చి బయలుదేరుతాడు. తననూ వెంట తీసుకుపొమ్మని రతన్ అడిగితే, అదెలా సాధ్యమని నవ్వేస్తాడు. ఇవ్వబోయిన జీతం డబ్బును ఆ పిల్ల తీసుకోదు.

ఈ కథలో పోస్ట్‌మాస్టర్ దుర్మార్గుడు కాడు. జ్వరం నిజమైనది, ఒంటరితనమూ నిజమైనదే. వెళ్ళిపోవడానికి అతనికున్న కారణాలను ఠాగూర్ ఎక్కడా తక్కువ చేయలేదు. పడవ కదిలాక అతని మనసు ఒక్కసారి వెనుదిరుగుతుంది కూడా. కానీ తెరచాపకు గాలి అందుకుంది, ప్రవాహం వేగంగా ఉంది. ఎడబాట్లు లోకసహజం అనే ఒక తాత్త్విక భావన అతనికి ఊరట కలిగిస్తుంది. సరిగ్గా ఇక్కడ కథ పడవను విడిచి ఒడ్డుకు తిరిగి వస్తుంది. రతన్‌కు ఊరట కలిగించే తత్త్వమేదీ లేదు. ఆమె తపాలా కార్యాలయం చుట్టూ కన్నీళ్ళతో తిరుగుతూ, అతడు మళ్ళీ వస్తాడేమోనన్న ఆశను వదలలేకపోతుంది. పది పేజీలు మించని రచనలో వెళ్ళేవాని హృదయమూ, ఉండిపోయినవారి హృదయమూ రెండూ పాఠకునికి అందాయి. కథ బలమంతా చివరిలో దృష్టి మారిన ఆ ఒక్క మలుపులో ఉంది.

1961లో సత్యజిత్ రాయ్ ‘తీన్ కన్యా’ చిత్రంలో ఈ కథను తెరకెక్కించినప్పుడు ముగింపును మార్చారు. సినిమాలో రతన్ ఏడుస్తూ తిరగదు. డబ్బు ఇవ్వడానికి నిలబడ్డ మనిషిని దాటి, నీళ్ళ బకెట్ మోసుకుంటూ తన పనిమీద తాను వెళ్ళిపోతుంది. కొత్త పోస్ట్‌మాస్టర్‌కు నీళ్ళు కావాలి కదా. కథలోని రతన్ మనకు జాలి కలిగిస్తే, సినిమాలోని రతన్ మనల్ని సిగ్గుపడేలా చేస్తుంది. అధికారులు మారుతూ ఉంటారు, నీళ్ళు మోసే మనిషి మారదు అన్న పాలనాసత్యాన్ని రాయ్ ఒక్క దృశ్యంలో చెప్పగలిగారు.

‘రాగ్ దర్బారీ’ స్వభావం వేరు. ఇది వ్యంగ్య నవల. 1969లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందింది. కథానాయకుడు రంగనాథ్ చరిత్రలో ఎం.ఏ. చేసి పరిశోధన చేస్తున్నవాడు. ఆరోగ్యం బాగుచేసుకోవడానికి మేనమామ వైద్యజీ ఉంటున్న శివపాల్‌గంజ్‌కు వస్తాడు. పల్లె గాలి ఒంటికి మంచిదన్న నగరవాసి నమ్మకాన్ని రచయిత మొదటి పుటలనుంచే ఆటపట్టిస్తాడు. కళాశాల, సహకార సంఘం, గ్రామ పంచాయతీ మూడూ వైద్యజీ గుప్పిట్లో ఉంటాయి. లంగడ్ అనే వ్యక్తి లంచం ఇవ్వకుండా ఒక దస్తావేజు నకలు సంపాదించాలని పంతం పట్టి తహసీలు చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. అది అతని చేతికి రాదు. రంగనాథ్ అన్నీ చూస్తాడు, మథనపడతాడు, కానీ దేనిలోనూ చేయి పెట్టడు.

నవల చివరలో వైద్యజీ వర్గాన్ని ఎదిరించిన ఖన్నా మాస్టరును బలవంతంగా రాజీనామా చేయిస్తారు. ఖాళీ అయిన ఆ చరిత్ర అధ్యాపక పదవిని ప్రిన్సిపాల్ రంగనాథ్‌కు ఇవ్వజూపుతాడు. రంగనాథ్ ఆగ్రహంతో నిరాకరిస్తాడు. ఎక్కడికి వెళ్ళినా ఇలా ఎవరో ఒకరిని తొలగించిన స్థానమే దక్కుతుందన్నది ప్రిన్సిపాల్ ఇచ్చే జవాబు. అతని నోట వచ్చింది గనుక ఆ మాటను తోసిపుచ్చడానికి వీల్లేదు. రచయిత ఇంకా ముందుకుపోయి, ‘పలాయన సంగీతం’ పేరిట, మేధావి తప్పించుకుపోగల చోట్లన్నిటినీ వరుసగా పేర్కొని హేళన చేస్తాడు. ఇక్కడ శుక్ల మనకిచ్చిన పాఠం ఠాగూర్ ఇచ్చినదానికి భిన్నమైనది. చిన్న ఊరు అమాయకమైనదేమీ కాదు. అక్కడ ఉండిపోవడం దానంతటదే సుగుణమూ కాదు. ఏ షరతులమీద ఉంటున్నాం, ఎవరి చోటు తీసుకుంటున్నాం అన్నది అడిగి తీరవలసిన ప్రశ్న.

‘ఇంగ్లీష్, ఆగస్ట్’లో అగస్త్య సేన్ ఇరవై నాలుగేళ్ళ ఐ.ఏ.ఎస్. ప్రొబేషనర్. శిక్షణకోసం మద్నాకు వస్తాడు. ఎండ, దోమలు, గంజాయి, కలెక్టరు సమావేశాలు, సందర్భం లేని అబద్ధాలు, విశ్రాంతి గృహంలో మార్కస్ ఆరీలియస్ పఠనం, వీటితో రోజులు గడుస్తాయి. ఒక తరం నగర యువకుల అన్యమనస్కతను ఇంత నిజాయితీగా, ఇంత హాస్యంగా పట్టుకున్న ఇంగ్లీషు నవలలు మన దేశంలో తక్కువ. కార్యాలయ జీవితాన్ని ఎరిగిన పాఠకులు దాని సూక్ష్మతను ఇంకా ఎక్కువగా ఆస్వాదిస్తారు.

అయినా ఈ నవలలో ఒక లోటు ఉంది. మద్నా ప్రజలు చాలావరకు అగస్త్య విసుగుకు సామగ్రిగానే మిగిలిపోతారు. దీనికి మినహాయింపు గిరిజన ప్రాంతమైన జొంపన్నాలో అతడు పనిచేసిన కాలం. అక్కడ ఒక పల్లెలో, అడుగంటిన బావిలోకి పిల్లలను తాళ్ళతో దింపి నీళ్ళు తోడించడం అతడు చూస్తాడు. ట్యాంకర్లతో నీళ్ళు పంపించే ఏర్పాటు చేస్తాడు. నవల మొత్తంలో అతని ఉద్యోగానికి అర్థం కనిపించిన సందర్భం ఇదే. ఆ తరువాత కథ మళ్ళీ అతని సంశయంలోకే వెళ్ళిపోయి, అతడు ఉద్యోగానికి కొంతకాలం దూరంగా వెళ్ళడంతో ముగుస్తుంది. ఆ బావికీ, ఈ ఉద్యోగంలో ఉండాలా వద్దా అన్న అతని ప్రశ్నకూ మధ్య సంబంధం ఏమిటో నవల గట్టిగా అడగదు. విసుగు చెందిన మనసును చిత్రించే నవల ఆ మనసు లోపలే ఉండాలి కదా అనే సమాధానం ఒకటుంది. అది సహేతుకమే గాని సంపూర్ణం కాదు. పోస్ట్‌మాస్టర్ విసుగును చిత్రించిన ఠాగూర్, అవసరమైన క్షణంలో దానినుంచి బయటికి రాగలిగాడు.

ఈ విమర్శ సాహిత్య పరిధికే పరిమితమైనది కాదు. 2011 జనగణన మన దేశంలో 7,935 పట్టణాలను గుర్తించింది. పది లక్షలకు మించిన జనాభా గల నగర సముదాయాలు వాటిలో 53 మాత్రమే. పురపాలక హోదా లేకున్నా పట్టణ లక్షణాలు గల ‘జనగణన పట్టణాలు’ 2001లో 1,362 ఉండగా, పదేళ్ళలో 3,894కు పెరిగాయి. అంటే పట్టణంగా మారుతున్న భారతదేశంలో పెద్ద భాగం ఇంకా పురపాలక సంఘమైనా ఏర్పడని ఊళ్ళలో ఉంది. వైద్యుడు, అధ్యాపకుడు, ఇంజనీరు, అధికారి అవసరం అక్కడే ఎక్కువ. వారు రావడానికి తటపటాయించేదీ అక్కడికే. వచ్చినవారు బదిలీకోసం నెలలు లెక్కపెడుతుంటే, ఆ ఊళ్ళలో ప్రతి పనీ మళ్ళీ మొదటినుంచి ఆరంభమవుతుంది. ఒక అధికారి ప్రారంభించిన గ్రంథాలయం తరువాతివాని కాలంలో గోదాముగా మారడం మనం ఎరగనిది కాదు.

కల్పనకు వెలుపల, తెలుగునాట దీనికి ఒక మంచి జవాబు ఉంది. కాళీపట్నం రామారావు విశాఖపట్నంలో దాదాపు మూడు దశాబ్దాలు ఉపాధ్యాయుడుగా పనిచేశారు. ‘యజ్ఞం’ వంటి కథలతో ప్రసిద్ధులై, 1995లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందారు. ఆయన పేరుకు తగిన వేదికలు పెద్ద నగరాల్లో దొరికేవి. కానీ ఆయన 1997లో ‘కథానిలయం’ స్థాపించింది శ్రీకాకుళంలో. తెలుగు కథ అనేది ఎక్కడ అచ్చయినా సేకరించి భద్రపరచాలన్నది దాని సంకల్పం. పాత పత్రికలకోసం ఉత్తరాలు రాశారు, వ్యక్తుల దగ్గరినుంచి సంచికలు సేకరించారు. ఆయన 2021లో మరణించారు. కథానిలయం అక్కడే ఉంది. ప్రయాణం దిక్కే మారిపోవడం ఇందులో విశేషం. చదువుకున్నవారు శ్రీకాకుళంనుంచి నగరాలకు వెళ్ళడం లోకరీతి కాగా, తెలుగు కథమీద పరిశోధన చేసే విద్యార్థి నగరంనుంచి శ్రీకాకుళానికి వెళ్ళవలసి వచ్చింది.

రామారావుగారి ఉదాహరణను అందరూ అనుసరించదగిన ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. ఆయన తన ప్రాంతానికి చెందిన మనిషి; పదవీవిరమణ తరువాత చేసిన పని అది. బడికి వెళ్ళే పిల్లలున్న తల్లిదండ్రులు, నెలనెలా ఆసుపత్రి అవసరమున్న కుటుంబం చిన్న పట్టణానికి వెళ్ళలేమంటే వారిని తప్పుపట్టలేం. అక్కడ మంచి పాఠశాల, ఆసుపత్రి ఏర్పరచవలసిన బాధ్యత పాలనావ్యవస్థది. అయితే ఆయన తీసుకున్న నిర్ణయంలో ఒక క్రమం ఉంది. అక్కడ చేయవలసిన పని ఏమిటో ముందు నిశ్చయించుకున్నారు. ఆ పని తాను లేని నాడు కూడా నిలిచేలా ఏర్పాటు చేశారు. ఎవరి చోటూ ఆక్రమించలేదు.

ఈ రచనల నుంచీ, ఈ జీవితంనుంచీ మూడు ప్రశ్నలు స్పష్టంగా తీసుకోవచ్చు. నేను వెళ్ళే చోట ఏ పని ఎదురుచూస్తున్నది? ఎవరి స్థానం నాకు దక్కుతున్నది? నేను తిరిగి వచ్చేసిన తరువాత అక్కడ నీళ్ళు మోసేవారికి ఏం మిగులుతుంది? వీటికి జవాబు వెతికిన తరువాత వెళ్ళడం మానుకున్నా అది గౌరవించదగిన నిర్ణయమే. వీటిని అడగకుండా వెళ్ళినవారు మాత్రం ఎన్నేళ్ళున్నా ఆ ఊళ్ళో బదిలీకోసం వేచి ఉన్నవారే అవుతారు.