మంటను వినే ప్లగ్గు

అంబాసిడర్ కారు టైమింగును, అంటే స్పార్కు పడే వేళను, చెవితో కట్టగలిగినవాడే మేస్త్రీ, మిగతావాళ్లు స్పానర్లు తిప్పేవాళ్లు. ఈ మాట అన్నందుకు నాతో మాట్లాడ్డం మానేసినవాళ్లున్నారు. అయినా మార్చుకోను.

ఆ పనితనం చూసి తీరాలి. పాయింట్ల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం ఇరికించి, డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పుతూ, కాగితం జారిన క్షణాన బోల్టు బిగిస్తారు. అది సగం పనే. తరవాత బండిని మా యానాంలోని అడవిపొలం నుంచి ఎదుర్లంక వంతెన దాకా తీసుకెళ్లి, టాప్ గేరులోనే ఎత్తు ఎక్కిస్తారు. మూకుడులో శనగలు పేలినట్టు టకటకమంటే టైమింగు ముందుకు పోయినట్టు. మొద్దుగా, ఈడ్చుకుంటూ ఎక్కితే వెనకబడినట్టు. టకటక మొదలై మొదలవకుండా ఆగే చోటు ఒకటుంది. మంచి మేస్త్రీ చెయ్యి అక్కడే ఆగుతుంది.

ఇంజను చరిత్ర ఇక్కడ పెద్దగా అక్కర్లేదు. 1489 సీసీ, బ్రిటన్ బీఎంసీ వాళ్ల సొత్తు, సిలిండర్లు పేలే వరస 1-3-4-2. ఈ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది.

ఆ మేస్త్రీ చెవికి లోకంలో సరైన వారసత్వం దొరికింది ఒక్కచోటే, స్వీడన్‌లోని సాబ్ కంపెనీలో. పేర్ గిల్‌బ్రాండ్ అనే మహానుభావుడు అక్కడ టర్బో ఇంజన్లను మచ్చిక చేశాడు. 1986లో అమెరికాలోని టల్లడేగా ట్రాక్ మీద మూడు సాబ్ 9000లు ఇరవై రోజుల్లో తలా లక్ష కిలోమీటర్లు పరిగెత్తాయంటే ఊహించుకోండి! అప్పటికి ఆ టకటకను, అంటే నాకింగును, కనిపెట్టే సెన్సర్ ఇంజను బ్లాకుకు బిగించి ఉండేది. అది గోడవతల నిలబడి వినడమే. 1990ల తొలినాళ్లలో వచ్చిన ట్రయోనిక్ పద్ధతి గది లోపలికే వెళ్లింది. ప్లగ్గునే చెవిని చేసింది.

పద్ధతి ఇదీ. స్పార్కు పడ్డాక మామూలు బండిలో ప్లగ్గుకు పనుండదు. ఇక్కడ మాత్రం దాని కొనల మధ్య ఎనభై వోల్టుల దాకా పెడతారు. మండే వాయువులో విద్యుదావేశం ఉన్న అయాన్లు పుడతాయి కాబట్టి, ఆ సందులో అతి సన్నటి కరెంటు పారుతుంది. గ్రాఫు గీస్తే మొదటి గుట్ట మంట పుట్టుకది. రెండోది సిలిండర్ ఒత్తిడితో పాటు లేస్తుంది. ఆ ఒత్తిడి శిఖరం పిస్టన్ పైకొచ్చి తిరిగాక పదిహేను డిగ్రీల దగ్గర పడితే ఇంజను హాయిగా ఉన్నట్టు. నాకింగు వస్తే గుట్ట మీద సన్నటి అలలు వణుకుతాయి. మంటే లేకపోతే కరెంటే ఉండదు, మిస్సింగ్ పట్టుబడిపోతుంది.

దీన్ని అంబాసిడర్‌కు తగిలించడం తలకు మించిన పనేం కాదు, తేలికా కాదు. ప్లగ్గుల నెత్తిన కూర్చునే సాబ్ కాయిళ్ల పెట్టె (క్యాసెట్) యథాతథంగా కూర్చోదు, మన ప్లగ్గులు హెడ్డుకు ఓ పక్కన పొడుచుకొచ్చి ఉంటాయి. విడి కాయిళ్లు నాలుగు, అయాన్ కరెంటు చదివే సర్క్యూటు, క్రాంక్ పుల్లీకి పళ్ల చక్రం, దాన్ని చూసే సెన్సర్ కావాలి. పాత డైనమో బండ్లలో కొన్నిటికి ప్లస్సే బాడీ ఎర్త్, ముందు అది మార్చాలి. కార్బొరేటర్ అలాగే ఉండొచ్చు. ప్లగ్గు మసిబారితే కరెంటు అడ్డదారిన కారి చదివిందంతా తప్పవుతుంది. సీసం బదులంటూ అమ్మే పొటాషియం మందులు పోసినా అంతే. కాబట్టి ప్లగ్గు రంగు చూసి ఇంజను జబ్బు చెప్పే మేస్త్రీ అవసరం తీరదు.

ఇప్పుడే ఎందుకంటే, ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది. పాత కార్బొరేటర్‌లో మిశ్రమం పలచబడుతుంది, మంట తీరు మారుతుంది. నింపిన ప్రతిసారీ మేస్త్రీ దగ్గరకు పరిగెత్తలేం. లోపల వినేవాడు ఉండాలి.

కానీ బజారులో దొరికేదేమిటి? ‘ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్’ స్టిక్కరేసిన డబ్బా. అందులో ఉన్నది పాయింట్ల బదులు ఓ స్విచ్చి. వినదు, చూడదు, టైమింగు మార్చదు. దానికి ‘మైలేజీ బూస్టర్’ అని పేరు పెట్టి అంటగట్టడం పట్టపగటి దోపిడీ! సాబ్ 2011లో దివాలా తీసింది, దాని క్యాసెట్లకూ చవక నకళ్లున్నాయి. కొన్నిట్లో స్పార్కు బాగానే వస్తుంది, చెవి మాత్రం చెవిటిది. ఇంతకన్నా ఘోరం, మంచి పెట్రోలు ఇంజను పీకి తుక్కుకు అమ్మి డీజిల్ ఇంజను దింపడం.

కాకినాడ ఇంజనీరింగ్ కుర్రాళ్లకు, యానాం ఐటీఐ పిల్లలకు నాదో విన్నపం. ప్రాజెక్టు అంటూ కొన్న రిపోర్టులు సమర్పించకండి. మూలపడ్డ ఒక అంబాసిడర్‌ను తెచ్చి, చెవి ఇంకా పనిచేస్తున్న ఓ మేస్త్రీని పక్కన కూచోబెట్టుకుని ఈ సర్క్యూటు కట్టండి. ఆయన ‘ఇదిగో టకటక’ అన్నప్పుడు మీ గ్రాఫులో అల లేచిందో లేదో చూడండి. లేవకపోతే ముందు మీ సర్క్యూటునే అనుమానించండి. తీసేసిన డిస్ట్రిబ్యూటర్‌ను మాత్రం డిక్కీలోనే ఉంచండి, పాయింట్ల సెట్టూ కండెన్సరూ సహా. కొత్త పెట్టె దారిలో మొరాయిస్తే దానితోనే ఇంటికి రావాలి.