పండగ పరికిణీని ఎలా చదవాలి?

రోజికా పార్కర్ 'ద సబ్‌వర్సివ్ స్టిచ్' (1984) చాలా ఏళ్లు క్లాసులో పాఠం చెప్పాను. ఎంబ్రాయిడరీ ఆడపిల్లలకి అణకువ నేర్పే సాధనమైందనీ, వాళ్లు తమ మాట చెప్పుకునే దారి కూడా అదే అయిందనీ ఆమె వాదన. అలా చెప్తున్నన్నాళ్లూ మా అమ్మమ్మ సంక్రాంతికి కుట్టిన పరికిణీ నాకెందుకు గుర్తు రాలేదన్నది ఇప్పుడు నన్ను వేధిస్తున్న ప్రశ్న.

ఉయ్యూరు దగ్గర పల్లె మాది. తాతయ్య విజయవాడ వన్‌టౌన్ నుంచి తానులో గుడ్డ తెచ్చేవాడు. మనవరాళ్లందరికీ ఒకే గుడ్డ. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అమ్మమ్మ మిషను ముందు కూర్చునేది. అంచున కాడకుట్టుతో తీగె, గొలుసుకుట్టుతో పువ్వులు. "ఎదిగే పిల్ల కదే" అంటూ అడుగున రెండు టక్కులు వేసేది. ఏడాదికొకటి విప్పేది. విప్పినచోట వెలవని రంగు చారలా కనిపించేది.

ఇంట్లో అందరూ దాన్ని ప్రేమ అన్నారు. ప్రేమే, కాదనను. కానీ ఆ పేరు పెట్టాక అది పని అన్న సంగతి ఎవరికీ పట్టలేదు. మరియా మీస్ 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' (1982)లో చూపించింది ఇలాంటిదే. పక్కనే గోదావరి డెల్టాలో ఆడవాళ్లు ఇళ్లలో అల్లిన లేసు విదేశాలకు ఎగుమతయ్యింది. వాళ్లు మాత్రం తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులుగానే మిగిలారు. పొలానికి వెళ్లక్కర్లేదన్న గౌరవం దక్కింది గానీ, రాబడి పొలం పనికి వెళ్లే స్త్రీల కూలి కన్నా తక్కువ. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో పేరు ఊరిది.

అమ్మమ్మ కుట్టు మార్కెట్టుకి పోలేదు కాబట్టి మీస్ లెక్క దానికి పూర్తిగా సరిపోదు. పార్కర్‌ని పట్టుకుని ఆ తీగెలో తిరుగుబాటు వెతకడమూ అతే. అమ్మమ్మ ఎవరిమీదా తిరగబడలేదు. అయితే ఒకే గుడ్డ మీద ఒక్కో పిల్లకి ఒక్కో తీరున పువ్వు వేసింది. ఎవరి పరికిణీ ఏదో మాకు చూడగానే తెలిసేది. ఆ ఎంపికలన్నీ ఆమెవి. దాన్ని రచన అనడానికి నాకు సంకోచం లేదు.

ఇక్కడితో ఆపితే నాకు హాయిగానే ఉంటుంది. కానీ టక్కులన్నీ విప్పేశాక, మూడో పండగకి ఆ పరికిణీ మా ఇంట్లో పనిచేసే ఆవిడ మనవరాలికి వెళ్లేది. ఆవిడా అమ్మమ్మే. మా చేలో నాట్లు వేసేది, మా అంట్లు తోమేది. అమ్మమ్మకి మధ్యాహ్నాలు మిగిలింది ఆవిడ వల్లనే. తన మనవరాలికి తను ఏ పువ్వు కుట్టాలనుకుందో మేమెవరమూ అడగలేదు.

రచయిత్రుల వరుసలో మా అమ్మమ్మనీ చేర్చమని అడగబోతున్నాను. సూది పట్టే తీరికే దొరకని ఆ రెండో అమ్మమ్మ గురించి రాయకుండా అలా అడిగే హక్కు నాకు లేదు.