సబ్ర్ అంటే మౌనమా?

క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అరబ్బీ గ్రంథంలోని మనస్సు భాగాన్ని మాలిక్ బద్రీ 2013లో ఆంగ్లంలోకి తెచ్చారు. కోపం, భయం, దిగులు, విడవని తలపులు, వీటిని బల్ఖీ విడివిడిగా తీసుకొని, దేహానికి వలెనే మనస్సుకూ చికిత్స కావాలంటాడు. మందులు ముందే దాచుకొన్నట్లు, మంచి తలపులనూ ఆరోగ్యకాలంలోనే కూర్చుకోవాలట! ఉపశీర్షికలో ఆ ప్రాచీన వైద్యునికి నేటి చికిత్సాపద్ధతి పేరు తగిలించడం మాకు అతిగా తోచింది. అయినా నేటి ముస్లిం యువతకు ఈ పుస్తకం అవసరం. దిగులుతో నిద్ర పట్టని కుర్రవానికి నమాజు, దువా ఊరటనిస్తాయి, కాదనలేము. ‘నీ ఈమాన్ చాలదు, సబ్ర్ చెయ్యి’ అన్న మందలింపు మాత్రం వానిని డాక్టరు గడప తొక్కనివ్వదు. తెలుగులో మనమూ సబ్ర్‌ను ‘ఓర్పు’ అనేసి ఊరకుంటున్నాము. ఖుర్ఆన్‌లో సబ్ర్ మాట పలికిన యాకూబ్ ప్రవక్తే, యూసుఫ్ కోసం కుమిలి చూపు పోగొట్టుకొన్నారు. తన బాధను దైవంతో మొరపెట్టుకొన్నారు.