నులక మంచానికో బొమ్మ

నీటిరంగుల్లో నులక మంచం వేసేటప్పుడు నులకను వేయకూడదు. ముందు పలచని గోధుమరంగు పూత. అది బాగా ఆరాక పేటకీ పేటకీ మధ్య నీడను మాత్రం సన్నకుంచెతో దింపాలి. బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరీన్ నీలం కలిపితే వచ్చే బూడిదరంగు చాలు. వదిలేసిన చోటల్లా నులక దానంతటదే తేలుతుంది. తడి ఆరకుండా కుంచె పెట్టారా, అల్లికంతా గోనెపట్టా!

నాకీ పిచ్చి పట్టించింది అమెరికా షేకర్ల కుర్చీల బొమ్మలు. షేకర్లు 1774లో ఆన్ లీ వెంట ఇంగ్లండు నుంచి అమెరికా చేరిన క్రైస్తవ శాఖవారు. చెక్కసామానుకు నగిషీలు వద్దన్నారు. కుర్చీ సీటుకు మన నవారులాంటి గుడ్డపట్టీ అల్లేవారు. ఊడ్చేటప్పుడు కుర్చీని ఎత్తి గోడకొయ్యకు తగిలించేవారు. ఆర్థికమాంద్యంలో అక్కడి ప్రభుత్వం పనిలేని చిత్రకారులకు జీతమిచ్చి ఇలాంటి పాత వస్తువులన్నిటికీ బొమ్మలు వేయించింది. 1935 నుంచి 1942 దాకా సుమారు 18,000 బొమ్మలు, ఎక్కువగా నీటిరంగులే. 'ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్' పేరుతో ఇప్పుడవి వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. చాలావాటిలో వెనక గదీ లేదు, మనిషీ లేడు. ఖాళీ కాగితం మీద ఒక్క కుర్చీ, దాని నీడ.

ఇక మన మంచం సంగతి. హైదరాబాదు శివారులోని మా అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. పక్షుల ఫొటోల కోసం జనం బారెడు లెన్సులతో వస్తారు. రావలసిందే. కానీ దారిలో గోడకు నిలబెట్టిన మంచం వైపు ఒక్క కెమెరా తిరగదు. కోడుకు తొలిచిన కన్నంలో పట్టె దూరి ఉంటుంది, మేకు ఉండదు. నులక బిగువే చట్రాన్ని పట్టి ఉంచుతుంది. వదులైతే కాళ్లవైపు తాడు లాగి బిగిస్తే సరి. పొద్దున్నే ఎత్తి గోడకు చేర్చితే వాకిలి ఖాళీ. షేకర్ల కుర్చీ చేసేదీ ఇదే పని. వాళ్లది గ్యాలరీకెక్కింది, మనది అపార్టుమెంటు లిఫ్టులో పట్టక పాతసామాన్ల బండెక్కుతోంది.

మీ ఇంట్లో మంచమో, ముక్కాలిపీటో ఉంటే బండివాడికి వేసేముందు ఒక బొమ్మ వేయండి. వంకరగా వచ్చినా పరవాలేదు. కింద కొలతలు, ఏ చెక్కో, ఎవరు అల్లారో, తేదీతో సహా రాసిపెట్టండి.