“తోడ్పాటు” అను మాట

కావ్యమును విమర్శించునట్లే చట్టమును గూడ మాటమాటకు నాగి చదువవలెను. బాలకార్మిక శాసనముల నిట్లు చదివినచో నొక లోపము మొదటినుండియు గానవచ్చును.

బిడ్డల శ్రమను తాకట్టు పెట్టు నొడంబడికలు చెల్లవని 1933 నాటి చట్టము చెప్పెను. రైల్వేలు, రేవులు మొదలగు చోట్ల బాలురను నియోగింపరాదని 1938 నాటి చట్టము శాసించెను. 1986 నాటి చట్టము కొన్ని పనులను మాత్రము నిషేధించి, తక్కినవానికి వేళలను నిర్ణయించెను. పని మాన్పించిన బిడ్డ యెచ్చటికి బోవలెనో యివి చెప్పలేదు. బడి సంగతి వేరుగా నడచెను. 1911లో గోఖలే ప్రవేశపెట్టిన నిర్బంధవిద్యా బిల్లు నెగ్గలేదు. విద్య ప్రాథమిక హక్కగుటకు 2002 నాటి రాజ్యాంగ సవరణము, ఆ హక్కు అమలగుటకు 2010వ సంవత్సరము రావలసివచ్చెను.

ఈ రెండు త్రోవలను గలిపిన యోచన మా రాజేంద్రనగర్ చేరియున్న రంగారెడ్డి జిల్లా పల్లెలలోనే బలపడినది. బడికి రాని ప్రతి బిడ్డయు బాలకార్మికుడే యని శాంతా సిన్హాగారును, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారును 1991 మొదలు పనిచేసిరి. పశువులను గాచు బాలుడును, ఇంట చంటిబిడ్డ నెత్తుకొను బాలికయు నీ నిర్వచనమున జేరిరి. అట్టివారిని శిబిరములలో జదివించి, వయస్సునకు దగిన తరగతులకు బంపిరి.

2016 నాటి సవరణము 14 ఏండ్ల లోపువారిని పనిలో బెట్టుకొనుట నిషేధించెను. ఇది మెచ్చదగినదే. కాని బడి వేళల పిమ్మటను, సెలవులలోను, అపాయకరము కాని కుటుంబవృత్తికి బిడ్డ తోడ్పడవచ్చునని మినహాయించెను. కుటుంబమన తల్లిదండ్రులే కారు. వారి యన్నదమ్ములును, అక్కచెల్లెండ్రును గలరు. వేళలను నియమములు కట్టడి చేసినను, ఇంటి తలుపు లోపల జూచువారెవరు?

నా తరగతిలో రెండవ గంటకే నిద్రకు దూగు బాలికను గారణమడిగితిని. “ఇంట్లో కొంచెం సాయం చేస్తున్నానండీ” అనెను. ఆ సాయము తెల్లవాఱకముందే మొదలగునట! హాజరుపట్టీలో నామె యేనాడును లోపింపలేదు. చట్టము దృష్టిలో నామె కార్మికురాలును గాదు.

కావున నా మినహాయింపును దొలగింపవలెనని నా యభిప్రాయము. అంతవఱకు గృహస్థులైన పాఠకులు తమ యింటి పిల్లలను, పనిమనిషి వెంట వచ్చు పిల్లలను గూడ నొక ప్రశ్న యడుగుదురుగాక: నిన్న రాత్రి పాఠము చదువుకొనుటకు నీకు తీరిక చిక్కెనా?